యేసయ్య నిజంగా మనిషేనా? క్రిస్మస్ రోజుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

చెన్నైలో మా తెలుగు సంఘానికి ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు వారాల) బైబిల్ స్టడీ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ప్రతి డిసెంబరులోనూ అవే సందేహాలు తిరిగొస్తాయి. కొన్ని కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటూ అడుగుతారు, కొన్ని రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో వస్తాయి. యేసు దేవుడు అంటే అందరూ ఆమెన్ అంటారు. ఆయన మనిషి అనగానే ముఖాల్లో కంగారు కనిపిస్తుంది. ఆ కంగారు పోవాలనే ఇవన్నీ ఒకచోట రాశాను. ప్రశ్నలను అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఎక్కడినుంచైనా మొదలుపెట్టి చదవచ్చు.

## ఆగమన కాలంలో అడిగేవి

యేసు దేవుడు కదా, మనిషి అంటే ఆయన్ని తక్కువ చేసినట్టు కాదా?

కాదు. ఆయన మనిషి అని ఒప్పుకోకపోతేనే సువార్తను తక్కువ చేసినట్టు. యోహాను సువార్త 1వ అధ్యాయం 14వ వచనంలో ఆ వాక్యం "శరీరధారియై" మన మధ్య నివసించెను అని ఉంది. అక్కడ యోహాను వాడిన గ్రీకు మాట ‘సార్క్స్’. అంటే మాంసం. ఇంకా మర్యాదైన మాట దొరక్క కాదు, కావాలనే ఆ మాట రాశాడు. దెబ్బ తగిలితే కమిలే శరీరం, ఎండకు చెమట పట్టే శరీరం అని అర్థం.

సంఘానికి ఎదురైన తొలి తప్పుడు బోధల్లో ఒకటేమిటో చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. అది యేసు దేవుడు కాడన్న బోధ కాదు. ఆయన మనిషిలా కనిపించాడంతే, నిజంగా మనిషి కాడన్న బోధ. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను చంపడానికి రోముకు తీసుకుపోతుంటే, ఆయన దారిలో సంఘాలకు ఉత్తరాలు రాశాడు. యేసు నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, తాగాడు, నిజంగా చనిపోయాడు అని వాటిలో నొక్కి చెప్పాడు. చావుకు నడిచి వెళ్తున్న మనిషికి ఆ ‘నిజంగా’ అన్న మాట ఎంత ముఖ్యమో ఆలోచించండి. యేసు బాధ ఉత్త నటనైతే తన చావుకు అర్థమేముంది? 451లో, ఇప్పటి ఇస్తాంబుల్ దగ్గరున్న కల్సెదోనులో జరిగిన సభ దీన్నే తేల్చి చెప్పింది: యేసు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి. సగం అదీ సగం ఇదీ కాదు.

రాజుగారు మారువేషంలో తిరిగినట్టు దేవుడు మనిషి వేషంలో వచ్చాడు. అంతే కదా?

పిల్లలకు క్రిస్మస్ చెప్పేటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా వాడే పోలిక ఇదే. నేనూ కొన్నేళ్ళు వాడాను, తర్వాత మానేశాను. మారువేషంలో తిరిగే రాజుకు ఆకలేస్తే కోటకు వెళ్ళి తింటాడు. ఎవరైనా కొట్టబోతే ముసుగు తీసి "నేను రాజును" అంటాడు. తెల్లారేసరికి ఆయన పట్టుపాన్పు మీదే ఉంటాడు. యేసుకు ఆ వెసులుబాటు లేదు. అరణ్యంలో నలభై రోజుల ఉపవాసం తర్వాత ఆకలేసినప్పుడు, రాళ్ళను రొట్టెలు చేసుకోమని సాతాను చెప్పింది సరిగ్గా ఇదే: వేషం తీసెయ్, రాజువి కదా. ఆయన తీయలేదు, ఎందుకంటే అది వేషం కాదు. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయంలో "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని ఉన్నది దీని గురించే.

అవతారం అంటే పోతుంది కదా, వేరే మాటలెందుకు?

తెలుగులో ఆ మాట అందరికీ అర్థమవుతుంది, పాటల్లోనూ వాడతాం. తప్పు పట్టాల్సిన పని లేదు. పక్కింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు "మా రాముడు కూడా సీత కోసం ఏడ్చాడు కదా" అంటారు. గౌరవంగా వినండి, వాదనకు దిగకండి. తేడా అడిగితే రెండు మాటలు చెప్పండి. భగవద్గీతలో భగవంతుడు యుగయుగానా వస్తానంటాడు. క్రైస్తవులు నమ్మేది ఒక్కసారే జరిగిన రాక. రెండోది, పని అయ్యాక యేసు ఆ శరీరాన్ని వదిలేయలేదు. లేచినప్పుడూ శరీరంతోనే లేచాడు, పరలోకానికి శరీరంతోనే వెళ్ళాడు. ఇప్పటికీ మనిషిగానే ఉన్నాడు. ఈ రెండో సంగతి మన సంఘాల్లోనే చాలామందికి తెలియదు.

మరియమ్మ గర్భం, కాన్పు గురించి మందిరంలో మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుంది. అంత వివరం అవసరమా?

అవసరమే. చెన్నైలో పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) ఎక్కినవాళ్ళకు పైన ఉన్న పాత చర్చి తెలుసు. పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టిన ఆ చర్చి బిడ్డ కోసం ఎదురుచూస్తున్న మరియ తల్లి పేరు మీద ఉంది. అంటే ఈ ఊళ్ళో కొండ మీద నిండు గర్భిణి పేరున ఒక చర్చే ఉంది. ఐదు వందల ఏళ్ళ కిందటివాళ్ళకు లేని సిగ్గు మనకెందుకు?

దేవుడు ఒక్కసారిగా ఆకాశం నుంచి పాకలో దిగలేదు. తొమ్మిది నెలలు ఒక పల్లెటూరి అమ్మాయి కడుపులో పెరిగాడు. ఆమెకు వేవిళ్ళు వచ్చాయో లేదో లూకా రాయలేదు కానీ, నజరేతు నుంచి బేత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైనే. దాదాపు మన చెన్నై నుంచి నాయుడుపేట దాకా. అదీ కొండదారి. గాడిద మీద వెళ్ళిందని బొమ్మల్లో చూస్తాం, సువార్తలో ఎక్కడా గాడిద లేదు. నెలలు నిండాక అంత దూరం ప్రయాణమంటే ఏమిటో మన సంఘంలోని ఆడవాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు.

## పశువుల పాక ముందు నిలబడి అడిగేవి

సత్రంలో చోటు లేదంటే లాడ్జి నిండిపోయిందనా?

తెలుగు బైబిలే దీనికి ఒక దారి చూపిస్తుంది. లూకా 2:7లో ‘సత్రము’ అని ఉన్నచోట గ్రీకు మాట ‘కటాలుమా’. అదే మాట లూకా 22:11లో పస్కా భోజనం దగ్గర వస్తే మన అనువాదకులు ‘విడిది గది’ అన్నారు. డబ్బు తీసుకుని మనుషుల్ని ఉంచుకునే చోటుకు లూకా వేరే మాట వాడాడు. మంచి సమరయుడి కథలో మన బైబిలు దాన్ని ‘పూటకూళ్లవాని యిల్లు’ అంటుంది. అందుకే చాలామంది పండితులు, అది చుట్టాలింట్లో వచ్చినవాళ్ళకిచ్చే గది అని, అప్పటికే అది నిండిపోయి ఉంటుందని అంటారు. ఆ కాలపు ఇళ్ళలో రాత్రిపూట పశువుల్ని కట్టేసే భాగం ఇంటికి ఆనుకునో, ఇంట్లోనో ఉండేది.

అలాగైతే కసాయి సత్రంవాడు తలుపు వేసిన సీను మన క్రిస్మస్ నాటకంలోంచి పోతుంది. ఆ పాత్ర వేసే పిల్లవాడికి బాధే! కానీ చోటు చాలని చుట్టాలింట్లో, అందరి మధ్య, ఉన్న మూలలోనే బిడ్డను పడుకోబెట్టారంటే ఆ దృశ్యం మనకింకా దగ్గరవుతుంది. పెరంబూరులోనో వ్యాసర్పాడిలోనో ఒక్క గది ఇంటికి ఊరి నుంచి పది మంది దిగితే ఎలా సర్దుకుంటామో మనకు తెలుసు.

పసియేసు ఏడ్చాడా? పాటల్లో ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే ఉంటుంది.

ఏడ్చాడని లూకా రాయలేదు. ఏ పసిబిడ్డ గురించీ ఎవరూ ప్రత్యేకంగా అలా రాయరు. కానీ లూకా ఒక వివరం ఇచ్చాడు: పొత్తిగుడ్డలతో చుట్టారు. ఇశ్రాయేలులో పుట్టిన బిడ్డకు ఏమేం చేసేవాళ్ళో యెహెజ్కేలు 16వ అధ్యాయం చెబుతుంది. నాభిసూత్రం కోసి, నీళ్ళతో కడిగి, ఒంటికి ఉప్పు రాసి, బట్ట చుట్టేవాళ్ళు.

మా అక్క కూతురికి నీళ్ళు పోసిన రోజు ఇది చదివినప్పుడల్లా గుర్తొస్తుంది. అమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, చెంబుతో వేడినీళ్ళు పోస్తోంది. వీపు రుద్దుతుంటే ఆ ఏడుపు వీధి చివరికి వినిపించింది. తర్వాత సాంబ్రాణి పొగ వేసి, పాత చీర ముక్కలో చేతులు కదలకుండా చుట్టేసరికి ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒళ్ళంతా ఎర్రగా, పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోయింది. బేత్లెహేములో ఆ రాత్రి జరిగింది దాదాపు ఇదే. ఏడవని బిడ్డను చూస్తే మంత్రసాని భయపడుతుంది. ఆయన ఏడ్చాడనే నేను నమ్ముతున్నాను, మరియమ్మ ఆ ఏడుపు విని ఊపిరి పీల్చుకుందని కూడా.

మా అబ్బాయి "యేసయ్యకు బొడ్డు ఉందా" అని అడిగాడు. ఏం చెప్పాలి?

ఉందని చెప్పండి. తిట్టకండి. సండే స్కూల్లో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు. అమ్మకు పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ గుర్తు ఉంటుంది, ఆయనకూ ఉంది.

పాకలో పెట్టే బాలయేసు బొమ్మ అంత తెల్లగా ఎందుకుంటుంది?

బొమ్మలు చేసే పద్ధతి యూరప్ నుంచి వచ్చింది కాబట్టి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో ఫ్రాన్సిస్ అస్సీసీ క్రిస్మస్ రాత్రి గడ్డి పరిచిన తొట్టిని, ఎద్దును, గాడిదను తెచ్చి పెట్టించాడు. పాక పెట్టే ఆచారం ఊరూరా పాకడానికి అది పెద్ద కారణం. ఆయన ఉద్దేశం కూడా ఇదే: బిడ్డ ఎంత ఇబ్బందిలో పుట్టాడో జనం కళ్ళారా చూడాలని. చూసినవాళ్ళు తమలాంటి ముఖాలతోనే బొమ్మలు చేసుకున్నారు. యేసు పశ్చిమాసియాకు చెందిన యూదుడు. ఎండలో తిరిగిన మనిషి. మీ పాకలో చామనఛాయ బొమ్మ పెడితే తప్పేమీ లేదు. మన చెన్నై ప్యారిస్ కార్నర్ సందుల్లో మట్టి బొమ్మలు కొనేటప్పుడు అడిగి చూడండి.

డిసెంబరు 25నే పుట్టాడా?

తేదీ బైబిల్లో లేదు. రోములో 354 నాటి ఒక పంచాంగంలో డిసెంబరు 25 కనిపిస్తుంది. అర్మీనియన్ సంఘం ఇప్పటికీ జనవరి 6న చేస్తుంది. మన ప్యారిస్‌లో అర్మీనియన్ స్ట్రీట్‌కు ఆ పేరు తెచ్చింది వాళ్ళే. ఇక సంవత్సరం సంగతి: యేసు పుట్టినప్పుడు అక్కడ రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. అంటే యేసు అంతకు ముందే పుట్టి ఉండాలి. తేదీ తెలియకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. బీదవాళ్ళ ఇళ్ళలో పుట్టినరోజులు ఎవరూ రాసిపెట్టరు. మా తాతగారికి కూడా "పెద్ద తుఫాను వచ్చిన ఏడు" అన్నదే పుట్టిన తేదీ.

వాళ్ళు నిజంగా బీదవాళ్ళేనా? జ్ఞానులు బంగారం ఇచ్చారు కదా?

బిడ్డ పుట్టాక తల్లి శుద్ధి కోసం దేవాలయంలో ఒక గొర్రెపిల్లను అర్పించాలి. కొనే స్తోమత లేకపోతే రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో చాలని లేవీయకాండము 12వ అధ్యాయంలో ఉంది. మరియ, యోసేపు తెచ్చింది పక్షులనే, లూకా 2:24 చూడండి. బంగారం తర్వాత వచ్చింది. అది వచ్చిన వెంటనే రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోవాల్సి వచ్చింది. పసిబిడ్డను ఎత్తుకుని భాష తెలియని చోట బతకడానికి ఆ బంగారం పనికొచ్చి ఉంటుంది.

## నజరేతు ఏళ్ళ గురించి

పన్నెండేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ దాకా ఎక్కడున్నాడు? ఇండియా వచ్చాడంటారే?

ఆ కథ 1894లో నికొలాయ్ నోటోవిచ్ అనే రష్యన్ రచయిత రాసినదాంతో మొదలైంది. లడఖ్‌లోని హేమిస్ మఠంలో ఒక పాత గ్రంథం చూశానన్నాడు. మాక్స్ ముల్లర్ సహా పండితులు అప్పుడే దాన్ని తోసిపుచ్చారు.

సువార్తలోనే దీనికి జవాబుంది. యేసు సొంత ఊరి సమాజమందిరంలో బోధిస్తే జనం ఏమన్నారో మార్కు 6:3లో చూడండి: ఈయన వడ్లవాడు కాడా, మరియ కుమారుడు కాడా? పద్దెనిమిదేళ్ళు దేశం వదిలి పోయినవాడి గురించి ఊరు ఇలా మాట్లాడదు. "ఎక్కడికి పోయాడు ఇన్నాళ్ళూ" అంటుంది. ‘వడ్లవాడు’ అన్నచోట గ్రీకు మాట ‘టెక్టోన్’. చెక్కపనితో పాటు ఇళ్ళు కట్టే పని చేసేవాళ్ళకూ ఆ మాట వాడతారు. నజరేతు కొన్ని వందల మంది ఉండే పల్లె. ఆరు కిలోమీటర్ల దూరంలో సెఫోరిస్ అనే పట్టణాన్ని అప్పుడే కొత్తగా కడుతున్నారు. యోసేపూ కొడుకూ అక్కడికి పనికి నడిచి వెళ్ళేవాళ్ళేమోనని కొందరు ఊహిస్తారు. అది ఊహే. కానీ అరచేతులు కాయలు కాచే పని అని మాత్రం ఖాయం.

నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చే విషయం ఇదే. దేవుని కుమారుడు భూమ్మీద ఉన్న కాలంలో ఎక్కువ భాగం ప్రసంగాలు చేయలేదు, అద్భుతాలు చేయలేదు. పనికి వెళ్ళి ఇంటికి వచ్చాడు. యేసు బాప్తిస్మం తీసుకున్నప్పుడు "నీవు నా ప్రియ కుమారుడవు" అని తండ్రి పలికింది ఆ ఏళ్ళ తర్వాతే, ఇంకా ఒక్క అద్భుతమూ చేయకముందే. ఓఎమ్మార్‌లోని ఐటీ కంపెనీల్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉద్యోగం చేసి, "దేవుడి పనేమీ చేయట్లేదు అక్కా" అని బాధపడే పిల్లలకు నేను ఈ మాటే చెబుతాను.

దేవుడైతే అన్నీ తెలిసే ఉంటాయి. చదువు నేర్చుకున్నాడంటే ఎలా?

నేర్చుకున్నాడు. లూకా 2:52 యేసు "జ్ఞానమందును వయస్సునందును" వర్ధిల్లాడని చెబుతుంది. వర్ధిల్లాలంటే మొదట తక్కువ ఉండాలి. పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్ళ మాటలు వింటూ ప్రశ్నలు అడిగాడు. జవాబులు మాత్రమే చెప్పలేదు, అడిగాడు కూడా. పెద్దయ్యాక, ఆ చివరి దినం ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదని తానే అన్నాడు, మార్కు 13:32. దీన్ని దాటవేయకండి. తెలియకపోవడం పాపం కాదు, మనిషికి ఉండే హద్దు. ఆ హద్దును ఆయన ఇష్టంగా ఒప్పుకున్నాడు.

యేసు ఏ భాష మాట్లాడేవాడు?

ఇంట్లో అరామిక్. సువార్తలు గ్రీకులో రాసినా కొన్ని మాటలు అలాగే ఉంచేశారు: తలీతాకుమీ, ఎప్ఫతా, అబ్బా. గలిలయవాళ్ళ యాస వేరు. పేతురును యెరూషలేములో పట్టిచ్చింది అతని మాటతీరే. యేసు యాసా అదే అయ్యుంటుంది. ఊరెళితే "మీది మద్రాసు తెలుగు" అని నవ్వించుకున్న మనకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇంట్లోవాళ్ళే ఆయన్ని నమ్మలేదంటారు, నిజమా?

నిజం. ఆయనకు మతి చలించిందని ఇంటివాళ్ళు పట్టుకోబోయారని మార్కు 3:21 చెబుతుంది. ఆయన సహోదరులు కూడా విశ్వసించలేదని యోహాను 7:5 చెబుతుంది. తోబుట్టువులా, దగ్గరి బంధువులా అన్న విషయంలో ప్రొటెస్టెంట్లకూ కేథలిక్కులకూ తేడా ఉంది. ఎవరైనా ఒక ఇంట్లో తిరిగినవాళ్ళే. మందిరానికి వస్తున్నందుకు ఇంట్లో మాటలు పడేవాళ్ళు ఈ రెండు వచనాలకూ గీత గీసుకోండి.

పెళ్ళెందుకు చేసుకోలేదు?

కారణం సువార్తలు చెప్పలేదు. భార్య ఉన్నట్టు ఎక్కడా లేదు. పెళ్ళి కాకపోయినా మనిషి సంపూర్ణ మనిషేనని ఆయన జీవితం చూపిస్తుంది. "ఇంకా పెళ్ళి కాలేదా" అని క్రిస్మస్ భోజనాల దగ్గర అడిగే ఆంటీలు ఇది గుర్తుంచుకోవాలి.

## అలసట, కన్నీళ్ళు, భయం

యేసుకు మనలాగా టెన్షన్, భయం ఉండేవా?

ఉండేవి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగిందని ఆయనే చెప్పాడు. శిష్యుల్ని తోడుండమని అడిగాడు. వాళ్ళు నిద్రపోతే మళ్ళీ వచ్చి లేపాడు. ఒక్కసారి కాదు. ఒంటరిగా ఉండలేక మనిషి చేసే పని అది. ఆయన చెమట రక్తబిందువుల్లా కారిందని లూకా రాశాడు.

నాలుగో శతాబ్దంలో అపొల్లినారిస్ అనే బోధకుడు యేసుకు శరీరం మనిషిదే కానీ లోపలి మనసు మనిషిది కాదన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని కొట్టేసింది. నాజియాంజుస్‌కు చెందిన గ్రెగొరీ దానికి ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఆయన ఏది తన మీద వేసుకోలేదో అది బాగుపడలేదు. మనిషి మనసు ఆయనకు లేకపోతే మన మనసుకు వైద్యం లేదన్నమాట. ఆందోళనకు మాత్రలు వాడుతున్నవాళ్ళు "నాకు విశ్వాసం తక్కువ" అని నా దగ్గర ఏడ్చినప్పుడు గెత్సేమనేనే చదువుతాను. డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానకండి. విశ్వాసం తక్కువైనవాళ్ళకే భయం వస్తుందని ఎవరైనా చెబితే, ఆ తోటలో నేలమీద పడి ప్రార్థించింది ఎవరో అడగండి.

పొరపాటు మానవ సహజం అంటాం. పాపం లేకపోతే పూర్తి మనిషి ఎలా?

జ్వరం అందరికీ వస్తుంది, అయినా జ్వరం శరీరంలో ఒక అవయవం కాదు. పాపం అలాంటిది. దేవుడు చేసినప్పుడు మనిషిలో అది లేదు. అది లేని యేసు మనిషితనంలో ఏమీ తగ్గలేదు, మనమే తగ్గాం. అలాగని ఆయనకు శోధన తేలికగా గడవలేదు. "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను" అని హెబ్రీ పత్రిక 4:15 చెబుతుంది. బరువు మోయలేక మధ్యలో దించేసినవాడికి సగం బరువే తెలుసు. చివరిదాకా మోసినవాడికి మొత్తం తెలుసు.

యేసు నవ్వేవాడా?

నవ్వాడని రాయలేదు. కానీ ఆయన్ని గిట్టనివాళ్ళు ‘తిండిబోతు’ అన్నారు. విందులకు పిలిస్తే వెళ్ళేవాడు కాబట్టే ఆ పేరు. కానా పెళ్ళిలో రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతిబానల నీళ్ళు ద్రాక్షారసమయ్యాయి. దాదాపు ఐదు నుంచి ఏడు వందల లీటర్లు! పిల్లలు ముఖం మాడ్చుకునేవాళ్ళ దగ్గరకు పోరు. ఆయన దగ్గరకు పోయారు.

క్రిస్మస్ మర్నాడే సునామీ వచ్చింది. దేవుడు మనిషయ్యాడంటే దానికేం జవాబు?

2004 డిసెంబరు 26, ఆదివారం. మేం ఆరాధనకు తయారవుతుండగా సముద్రం లోపలికి వచ్చిందని ఫోన్లు మొదలయ్యాయి. మెరీనా నుంచి పట్టినపాక్కం దాకా తీరమంతా, ముందు రోజు కట్టిన నక్షత్రాలు ఇంకా వేలాడుతున్న ఇళ్ళలోకి కూడా నీళ్ళు వచ్చాయి. ఎందుకు జరిగిందన్నదానికి నా దగ్గర జవాబు లేదు. తెలుసన్నవాళ్ళను నేను నమ్మను.

ఒకటి మాత్రం చెప్పగలను. క్రిస్మస్ కథలోనే చనిపోయిన పిల్లలున్నారు. హేరోదు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లల్ని చంపించాడు. మత్తయి దాన్ని దాచలేదు, ఓదార్పు పొందనొల్లక ఏడ్చిన రాహేలును అక్కడే గుర్తుచేశాడు. డిసెంబరు 28న చాలా సంఘాలు ఆ పిల్లల్ని స్మరించుకుంటాయి. పెద్దయ్యాక అదే యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర నిలబడ్డాడు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే చూసి "యేసు కన్నీళ్లు విడిచెను." తెలిసినా ఏడ్చాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చున్నప్పుడు నేనూ వాక్యం చెప్పను, ఏడుస్తాను. ఆయన చేసిందే చేస్తున్నానని నా నమ్మకం.

లేచాక ఆయన శరీరం వదిలేసి ఆత్మగా మారిపోయాడా?

లేదు. శిష్యులు భూతం అనుకుని భయపడితే, కాల్చిన చేప ముక్క తీసుకుని వాళ్ళ ముందే తిన్నాడు. ఇక తోమా సంగతి చెన్నైవాళ్ళకు వేరే చెప్పాలా? ఆయన ఈ ఊళ్ళోనే చనిపోయాడని సంప్రదాయం, శాంతోమ్ చర్చి ఆయన సమాధి మీదే ఉందని నమ్మకం. మేకుల గుర్తుల్లో వేలు పెట్టి, ప్రక్కలో చెయ్యి పెడితే గాని నమ్మనన్నాడు. యేసు కోప్పడకుండా చెయ్యి చాపమన్నాడు. తోమా నిజంగా ముట్టుకున్నాడో లేదో యోహాను రాయలేదు, "నా ప్రభువా, నా దేవా" అన్నాడని మాత్రం రాశాడు. ఆయన్ని దేవుడు అని అంత సూటిగా పిలిచినవాడు, ఆ శరీరంలో గాయాలు చూపమని అడిగినవాడే.

## పండుగ రోజుల్లో అడిగేవి

ఈ ఏడు నాన్న పోయారు. ఇంటికి నక్షత్రం కట్టవచ్చా?

కట్టవచ్చు. మనసు రాకపోతే కట్టక్కర్లేదు. సంవత్సరీకం దాకా పండుగ చేయకూడదన్నది మన ఇళ్ళ ఆచారం, బైబిలు నియమం కాదు. కానీ చుట్టాలు ఏమంటారోనని బలవంతంగా కొత్తబట్టలు వేసుకోవాల్సిన పనీ లేదు. యేసు పరిచర్య మొదలుపెట్టాక యోసేపు ఎక్కడా కనిపించడు, అప్పటికే చనిపోయాడని చాలామంది అనుకుంటారు. సిలువ మీద నుంచి తల్లిని శిష్యుడికి అప్పగించడం చూస్తే అది నిజమే అనిపిస్తుంది. నాన్న లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకూ తెలిసి ఉంటుంది. కేరల్స్ పార్టీ మీ ఇంటికి రావద్దనుకుంటే ముందే అయ్యగారికి ఒక మాట చెప్పండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

నడుంనొప్పి, ఈఎంఐ లాంటివి కూడా ప్రార్థనలో చెప్పుకోవచ్చా? చిన్నతనంగా ఉంటుంది.

చెప్పుకోండి. ఆయన నేర్పిన ప్రార్థనలోనే రోజువారీ తిండి ఉంది. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండలో నడిచి అలసి బావి దగ్గర కూర్చుని నీళ్ళు అడిగాడు. తుఫానులో కూడా మెలకువ రానంతగా అలసి, పడవలో తలగడ మీద నిద్రపోయాడు. యాయీరు కూతుర్ని బతికించాక అందరూ నోరు తెరిచి నిలబడితే, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. చావును గెలిచిన చోట కూడా ఆయనకు గుర్తొచ్చింది ఆ పిల్ల ఆకలి. మీ నడుంనొప్పి ఆయనకు చిన్న సంగతి కాదు.

పండుగ రోజు ఇంట్లో పిల్లలతో ఏం చదవాలి?

లూకా 2వ అధ్యాయం, 1 నుంచి 20 వచనాలు. వేకువ ఆరాధన నుంచి వచ్చి, బిర్యానీ పొయ్యి మీదున్నప్పుడు చదివితే పది నిమిషాలు పట్టదు. దూతల దగ్గరకు పరుగెత్తకండి. ఏడో వచనంలో ‘పొత్తిగుడ్డలు’ అన్న మాట దగ్గర ఆగండి. మీ పిల్లలు పుట్టినప్పుడు చుట్టిన గుడ్డ బీరువాలో ఎక్కడైనా దాచి ఉంటే, తీసి వాళ్ళ చేతికివ్వండి.